ట్రాకింగ్ నంబరు చూపేది చివరి స్కాన్‌ను మాత్రమే

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావారికి కూడా పనికొస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఉంటానన్న వ్యక్తి దగ్గర మీరు పాత కెమెరా లెన్స్ కొన్నారు. ఆయన పంపిన ట్రాకింగ్ నంబరు ‘ఆర్‌ఆర్’ అక్షరాలతో మొదలై ‘సీహెచ్’తో ముగుస్తోంది. ఒక సైటు ఆ నంబరు చెల్లదని చెప్పింది. ఇంకొక సైటులో ‘ఎక్స్ఛేంజ్ కార్యాలయం నుంచి బయలుదేరింది’ అని ఎనిమిది రోజుల కిందటి తేదీతో ఉంది, ఆ తరువాత ఒక్క ముక్క కూడా లేదు. ‘సీహెచ్’ అంటే చైనా కాబట్టి అమ్మినవాడు అబద్ధమాడాడేమో, పార్సెల్ పోయిందేమో అని మీరు భయపడుతున్నారు.

ఆయన అబద్ధమాడలేదు. ‘సీహెచ్’ స్విట్జర్లాండ్ కోడ్. ఆ దేశపు లాటిన్ పేరు ‘కాన్ఫొడెరాషియో హెల్వెటికా’, ఆ రెండు మాటల మొదటి అక్షరాలే అవి. చైనాకు ‘సీఎన్’. ఆస్ట్రియాకు ‘ఏటీ’, ఆస్ట్రేలియాకు ‘ఏయూ’ అని ఉండడంతో అక్కడా ఇదే పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఇక పార్సెల్ పోయిందా అంటే, మీరు చూపిన వివరాలను బట్టి అలా అనుకునే సమయం ఇంకా రాలేదు. ఎందుకు రాలేదో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఆ కారణం తెలిస్తే ఇకపై ఏ పార్సెల్ విషయంలోనూ మీకు ఇంత ఆందోళన ఉండదు.

నేను పార్సెళ్లు వేరుచేసే కేంద్రంలో చాలా ఏళ్లు పనిచేశాను, తరువాత కొంతకాలం ఫిర్యాదుల విభాగంలో కూర్చున్నాను. ఫిర్యాదు చేయడానికి వచ్చినవారిలో ఎక్కువమంది ట్రాకింగ్ నంబరును పార్సెల్‌కు కట్టిన గంటలా భావించేవారు, అది కదిలిన ప్రతిసారీ మోగుతుందనుకునేవారు. అలాంటిదేమీ లేదు. మామూలు పార్సెల్ మీద ఉండేది కాగితం మీద అచ్చువేసిన బార్‌కోడ్ మాత్రమే. ఒక మనిషో యంత్రమో దాన్ని చదివినప్పుడు కంప్యూటర్‌లో ఒక వరుస చేరుతుంది: ఏ నంబరు, ఏ చోట, ఏ సమయానికి, ఏ పని జరిగింది. మీరు తెరమీద చూసేది ఆ వరుసల జాబితా. అంటే చివరి వరుసను బట్టి మీకు తెలిసేది పార్సెల్‌ను ఆఖరుసారి ఎక్కడ చదివారన్నదే. ఇప్పుడు అది ఎక్కడుందో ఆ వరుస చెప్పదు.

ఇప్పుడు మీ నంబరు సంగతి. దేశాల మధ్య తపాలాలో తిరిగే నంబర్లన్నీ దాదాపు ఒకే అచ్చులో ఉంటాయి. 1874లో ఏర్పడి బెర్న్ నగరం కేంద్రంగా పనిచేసే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ పెట్టిన ‘ఎస్10’ ప్రమాణం దీనికి ఆధారం. మొత్తం పదమూడు స్థానాలు. మొదటి రెండు అక్షరాలు సేవ రకాన్ని చెబుతాయి. తరువాతి ఎనిమిది అంకెలు వరుస సంఖ్య. ఆపైన ఒకటి, మిగతా అంకెలు తప్పు లేకుండా ఉన్నాయో లేదో సరిచూసే అంకె. చివరి రెండు అక్షరాలు నంబరు జారీచేసిన దేశం. ‘జారీచేసిన’ అన్న మాట ముఖ్యం. పార్సెల్ ఎన్ని దేశాలు దాటినా ఆ రెండు అక్షరాలు మారవు.

మొదటి అక్షరం ‘ఆర్’ అయితే రిజిస్టర్డ్ తపాలా. ‘ఈ’ అయితే వేగంగా వెళ్లే ఈఎంఎస్. ‘సీ’ అంటే పార్సెల్, ‘వీ’ అంటే బీమా చేసినది, ‘ఎల్’ అంటే ట్రాకింగ్ ఉన్న ఉత్తరాల తరగతి. ‘యూ’తో మొదలైతే మాత్రం జాగ్రత్తపడండి. ఆ నంబరు ప్రధానంగా కస్టమ్స్ అవసరాల కోసం అతికించేది, గమ్యం దాకా ట్రాకింగ్ ఉంటుందన్న హామీ దానికి లేదు. చవక రవాణా ఎంచుకున్నవారికి తరచూ ఈ రకం నంబరు వస్తుంది. బయలుదేరిన దేశం దాటగానే కబురు ఆగిపోతే వాళ్లు కంగారు పడతారు, నిజానికి అంతకు మించి చెప్పే ఏర్పాటే అందులో లేదు. మీది ‘ఆర్’ కాబట్టి ఆ బెంగ లేదు. రిజిస్టర్డ్ తపాలాలో ఒక్కో నంబరుకు జవాబుదారీ ఉంటుంది, అందించేటప్పుడు సంతకమో దానికి సమానమైన ఆధారమో తీసుకుంటారు.

మొదటి సైటు మీ నంబరు చెల్లదని ఎందుకు చెప్పిందో మీరు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. నంబరులోని మధ్య అంకెలను దాచి ప్రశ్న పెట్టారు, ఆ పని చాలా మంచిది. అందుకే సరిచూసే అంకె లెక్కను వేరే నంబరుతో చూపిస్తాను, మీరు మీదానితో చేసి చూడండి. వరుస సంఖ్య 12345678 అనుకుందాం. ఈ ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7 అనే అంకెలతో గుణించాలి. వచ్చేవి 8, 12, 12, 8, 15, 30, 63, 56. మొత్తం 204. దాన్ని 11తో భాగిస్తే శేషం 6. 11లోంచి 6 తీసేస్తే 5. తొమ్మిదో అంకె 5 అయి ఉండాలి, అంటే 123456785 సరైన నంబరు. తీసివేసినప్పుడు 10 వస్తే 0 అని, 11 వస్తే 5 అని వేసుకోవాలి. ఇంతే లెక్క.

ఇప్పుడు 7ను 1 అని చదివి 12345618 అని కొట్టామనుకోండి. మొత్తం 150 అవుతుంది, శేషం 7, రావలసిన అంకె 4. నంబరులో తొమ్మిదో అంకెగా ఉన్నది 5 కాబట్టి యంత్రం వెంటనే ‘చెల్లదు’ అంటుంది. చేతిరాత రసీదులో 1, 7 కలిసిపోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. సున్నాకు బదులు ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరం కొట్టడం మరో పొరపాటు. ఎస్10 నంబరులో దానికి సులువైన విరుగుడు ఉంది: మొదటి రెండు, చివరి రెండు స్థానాల్లో ఎప్పుడూ అక్షరాలే, మధ్య తొమ్మిదింటిలో ఎప్పుడూ అంకెలే. కాబట్టి మధ్యలో గుండ్రంగా కనిపించేది సున్నాయే, మరొకటి కావడానికి వీల్లేదు. ఖాళీలు లేకుండా కొట్టండి, కొన్ని సైట్లు మధ్యలో ఖాళీ ఉంటే ఒప్పుకోవు.

లెక్క సరిపోయినా చెల్లదంటోందంటే, మీరు తప్పు గుమ్మం తట్టారని అర్థం. అన్ని సంస్థల పార్సెళ్లనూ వెతికిపెట్టే సైట్లు నంబరు ఆకారాన్ని చూసి అది ఎవరిదో ఊహిస్తాయి. ఊహ తప్పితే జవాబూ తప్పుతుంది. మొదట నంబరు జారీచేసిన దేశపు తపాలా శాఖ సొంత సైటులో చూడండి, పార్సెల్ సరిహద్దు దాటాక మీ దేశపు తపాలా శాఖ సైటులో అదే నంబరుతో చూడండి. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుంటే ఒకదానిలో లేని వరుస రెండోదానిలో కనబడడం మామూలే.

ఇక ఆ ఎనిమిది రోజుల మౌనం.

అంతర్జాతీయ తపాలాలో ఒక్కో ఘట్టానికి ఒక్కో కోడ్ ఉంది. పార్సెల్‌ను తపాలాకు అప్పగించినప్పుడు ‘ఈఎంఏ’. దేశం దాటించే ఎక్స్ఛేంజ్ కార్యాలయానికి చేరినప్పుడు ‘ఈఎంబీ’, అక్కడి నుంచి బయలుదేరినప్పుడు ‘ఈఎంసీ’. గమ్య దేశపు ఎక్స్ఛేంజ్ కార్యాలయానికి చేరితే ‘ఈఎండీ’. కస్టమ్స్ ఆపితే ‘ఈఎంఈ’, ఆ కార్యాలయం నుంచి బయలుదేరితే ‘ఈఎంఎఫ్’. మీ ప్రాంతపు బట్వాడా కార్యాలయానికి వస్తే ‘ఈఎంజీ’, ఇవ్వబోయి కుదరకపోతే ‘ఈఎంహెచ్’, చేతికి అందితే ‘ఈఎంఐ’. తెరమీద ఈ కోడ్‌లు కనబడకపోయినా మీరు చదివే వాక్యాల వెనుక ఉండేవి ఇవే. మీ పార్సెల్ ‘ఈఎంసీ’ దగ్గర ఉంది. తరువాతి వరుస ‘ఈఎండీ’ కావాలి.

ఆ రెండింటి మధ్య ఏమి జరుగుతుందో లోపల పనిచేసినవారికే కళ్లకు కడుతుంది. ఎక్స్ఛేంజ్ కార్యాలయంలో మీ లెన్స్ ఉన్న పెట్టెను ఆఖరుసారి స్కాన్ చేసి, ఒకే దేశానికి వెళ్లే మరెన్నో పెట్టెలతో కలిపి సంచిలో వేసి మూతి బిగించి ముద్ర వేస్తారు. ఆ సంచికి వేరే లేబుల్, వేరే నంబరు ఉంటాయి. అక్కడి నుంచి లారీలోకి, విమానాశ్రయపు గోదాములోకి, విమానంలోకి, మళ్లీ గోదాములోకి వెళ్లేది సంచి. దారిలో ఎవరైనా చదివితే సంచి లేబుల్‌నే చదువుతారు. లోపలి పెట్టె నంబరును చదవాలంటే ముద్ర విప్పాలి, గమ్య దేశంలో తప్ప దాన్ని విప్పరు. విమానంలో చోటు లేక సంచి నాలుగు రోజులు గోదాములో పడి ఉన్నా, మరో నగరం మీదుగా మళ్లించినా మీ తెరమీద అదే పాత వరుస నిలిచి ఉంటుంది. ‘బయలుదేరింది’ అన్నా విమానం ఎక్కిందని కాదు, సంచి మూతి కట్టారని మాత్రమే.

ఈ సంచి లెక్క ఎంత పనికొస్తుందో నాకు ఒక అమ్మాయి కేసు వల్ల తెలిసింది. ఆమె విదేశీ చదువు కోసం పంపిన అసలు ధ్రువపత్రాలు పన్నెండు రోజులుగా ‘బయలుదేరింది’ దగ్గరే ఆగిపోయాయి, ప్రవేశానికి గడువు దగ్గరపడింది. ఆమె రోజూ వచ్చి కౌంటరు ముందు నిలబడేది. ఆమె నంబరుతో ఎంత వెతికినా దొరికేది ఆ ఒక్క వరుసే. చివరకు మా సహోద్యోగి ఒకరు ప్రశ్నను తిరగేశారు: అదే చోట, అవే కొద్ది నిమిషాల్లో స్కాన్ అయి, ఇదే విధంగా ఆగిపోయిన నంబర్లు ఇంకా ఉన్నాయా? ఉన్నాయి, నలభైకి పైగా. అంటే ఆగింది ఆమె కవరు కాదు, సంచి. సంచులు పెట్టే అరలన్నీ వెతికితే లేబుల్ ఊడిపోయిన సంచి ఒకటి గోడ పక్కన దొరికింది. మరుసటి రోజు అది ప్రయాణమైంది. ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఒక్క పార్సెల్ ఆగిందని ఎవరు వచ్చినా, దానితోపాటు ఇంకేవి ఆగాయో చూడడం నా అలవాటైంది. మీరు ఫిర్యాదు చేసేటప్పుడు చివరి స్కాన్ జరిగిన చోటును, తేదీని, సమయాన్ని తప్పకుండా రాయమనడం అందుకే.

‘వివరాలు అందాయి’ అన్న వరుసను చాలామంది అపార్థం చేసుకుంటారు. పంపేవారు కంప్యూటర్‌లో లేబుల్ తయారుచేయగానే అది కనబడుతుంది. పెట్టె ఇంకా వాళ్ల బల్లమీదే ఉండవచ్చు. వస్తువు పేరు, విలువ రాసే సీఎన్22, సీఎన్23 కస్టమ్స్ పత్రాల సమాచారం కూడా ఇప్పుడు ముందుగానే కంప్యూటర్ ద్వారా వెళ్తుంది, కాబట్టి పెట్టె కంటే కబురు ముందు పరుగెత్తుతుంది. ఆ ఒక్క వరుసే వారం రోజులు ఉంటే రవాణా సంస్థను అడిగి లాభం లేదు. పెట్టెను రవాణా సంస్థకు ఇచ్చినట్లు చూపే అప్పగింత రసీదును అమ్మినవారిని అడగండి. పెట్టె అందాక సంస్థ మొదటి స్కాన్ వేస్తుంది, ఆ తరువాతే దాని బాధ్యత మొదలు.

సమయాల గురించి ఒక్క మాట. ప్రతి స్కాన్‌కూ ఆ చోటి స్థానిక సమయమే పడుతుంది. అందుకే పార్సెల్ బయలుదేరకముందే చేరినట్లు కొన్నిసార్లు కనబడుతుంది. అది లోపం కాదు.

కొరియర్ సంస్థల నంబర్లు ఎస్10 అచ్చులో ఉండవు, ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. యూపీఎస్ నంబరు సాధారణంగా ‘1జెడ్’తో మొదలై పద్దెనిమిది స్థానాలు ఉంటుంది. ‘1జెడ్’ తరువాతి ఆరు స్థానాలు పంపినవారి ఖాతాకు చెందినవి, ఆపై రెండు అంకెలు సేవ రకం, చివరిది సరిచూసే అంకె. ఒకే దుకాణం నుంచి వచ్చిన రెండు పార్సెళ్ల నంబర్లలో ఆ ఆరు స్థానాలు ఒకటే ఉండడం అందుకే. ఫెడెక్స్ ఎక్స్‌ప్రెస్‌కు పన్నెండు అంకెలు, డీహెచ్ఎల్ ఎక్స్‌ప్రెస్‌కు పది అంకెలు మామూలు. అమెరికా తపాలా శాఖ దేశంలోపలి పార్సెళ్లకు 9తో మొదలయ్యే ఇరవై రెండు అంకెలు ఎక్కువగా వాడుతుంది. విమాన సరుకు రసీదుకు పదకొండు అంకెలు ఉంటాయి. మొదటి మూడు విమాన సంస్థవి, లుఫ్తాన్సాకు 020, ఎమిరేట్స్‌కు 176. తరువాతి ఏడు అంకెలను 7తో భాగించినప్పుడు వచ్చే శేషమే చివరి అంకె. ఇవన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. మీ దగ్గరున్నది నిజంగా ట్రాకింగ్ నంబరేనా, లేక దుకాణం ఇచ్చిన ఆర్డరు నంబరా అని గుర్తుపట్టడానికి ఈ ఆకారాలు తెలిస్తే చాలు. ఫిర్యాదుల విభాగానికి వచ్చినవాటిలో ఆర్డరు నంబరును పట్టుకుని వెతికిన కేసులే ఎన్నో.

తపాలా నంబర్లను కొంతకాలం గడిచాక మళ్లీ వాడతారు. ఎస్10 ప్రమాణం ప్రకారం కనీసం ఏడాదిపాటు మళ్లీ వాడకూడదు, ఆ తరువాత వాడవచ్చు. మీ కొత్త పార్సెల్ నంబరు కొడితే ఏడాదికి ముందే ఎవరికో అందినట్లు కనబడితే అది పాత పార్సెల్ చరిత్ర. తేదీ చూడకుండా ‘అందింది’ అన్న మాట చూసి గాభరా పడవద్దు.

‘అందింది’ అని ఈ రోజు తేదీతోనే ఉండి, చేతికి మాత్రం రాకపోతే? ఇంట్లోవారిని, పక్కింటివారిని, భవనం కాపలాదారును అడగండి. బట్వాడా చేసేవారు రోజు చివర్లో లెక్క ముగించే తొందరలో ముందే ‘అందింది’ అని కొట్టి మరుసటి రోజు తెచ్చివ్వడం నేను చూశాను. అది తప్పే, అయినా జరుగుతుంది. ఒక రోజు చూసి, అప్పటికీ రాకపోతే పార్సెల్ అందించినట్లు ఆధారం చూపమని రవాణా సంస్థను అడగండి. సంతకం ఎవరిది, ఏ చిరునామాలో ఇచ్చారు, ఫొటో ఉందా, నమోదైన బరువు ఎంత? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. మోసం చేసే అమ్మకందారులు కొందరు మీ ఊళ్లోనే వేరొకరికి ఖాళీ కవరు పంపి, ఆ నంబరు మీకు ఇస్తారు. తెరమీద ఊరి పేరు సరిపోతుంది, ‘అందింది’ అనీ ఉంటుంది. కిలో బరువు ఉండాల్సిన వస్తువు యాభై గ్రాములుగా నమోదైందని రవాణా సంస్థ రాసిస్తే ఆ మోసం బయటపడుతుంది. మీరు డబ్బు చెల్లించడానికి వాడిన సంస్థకు చూపించవలసిన కాగితం అదే.

ఇంకొక రకం మోసం నేరుగా మీ ఫోనుకే వస్తుంది. ‘చిరునామా సరిగా లేదు, పార్సెల్ ఆగిపోయింది, ఈ లింకులో చిన్న రుసుము కట్టండి’ అంటూ సందేశం. మీరు నిజంగానే ఏదో పార్సెల్ కోసం ఎదురుచూస్తూ ఉంటారు కాబట్టి నమ్మబుద్ధవుతుంది. ఆ లింకు తెరవకండి. మీ దగ్గరున్న నంబరును తీసుకెళ్లి సంస్థ సొంత సైటులో మీ చేత్తో కొట్టి చూడండి. నిజంగా రుసుము కట్టవలసి ఉంటే అక్కడ కనబడుతుంది. పెట్టె ఫొటోను నలుగురికీ చూపేటప్పుడు లేబుల్ కనబడకుండా చూసుకోండి. నంబరు, పేరు, చిరునామా ఒకే చోట దొరికితే ఇలాంటి సందేశాన్ని మరింత నమ్మకంగా తయారుచేయడం వాళ్లకు సులువు.

మీ లెన్స్ విషయంలో ఈ రోజు చేయవలసిన పని రెండు నిమిషాలది. సరిచూసే అంకె లెక్క వేయండి. సరిపోతే స్విస్ తపాలా సైటులోనూ మీ దేశపు తపాలా సైటులోనూ చూసి, రెండు తెరలనూ తేదీ కనబడేలా భద్రపరచండి. అమ్మినవారికి మర్యాదగా ఉత్తరం రాసి అప్పగింత రసీదు ఫొటో, పెట్టె బరువు, కస్టమ్స్ పత్రంలో ఏమని రాశారో అడగండి. ‘లెన్స్’ అని స్పష్టంగా రాయకుండా ‘బహుమతి’ అని వదిలేసి ఉంటే కస్టమ్స్ దగ్గర ఆలస్యం కావచ్చు, అప్పుడు మీరు చెల్లించిన రసీదు సిద్ధంగా పెట్టుకోవడం మేలు.

‘ఈఎంసీ’ నుంచి నాలుగు వారాలు గడిచినా ‘ఈఎండీ’ రాకపోతే విచారణ మొదలుపెట్టించండి. నాలుగు వారాలన్నది నా అనుభవం మీద చెబుతున్న మాట, నియమం కాదు. నియమం ప్రకారం తపాలాకు ఇచ్చిన మరుసటి రోజు నుంచి ఆరు నెలల లోపు విచారణ కోరాలి. అది సీఎన్08 అనే పత్రం మీద నడుస్తుంది. మీరే వెళ్లి అడగవచ్చు గాని, అమ్మినవారి చేత అక్కడ దాఖలు చేయించడమే మంచిది. చిరునామాదారుకు అందేంతవరకు తపాలా వస్తువు పంపినవారిదే అన్నది తపాలా ఒప్పందంలోని సూత్రం, పరిహారం హక్కు కూడా మొదట ఆయనదే. ఆయన వెనుకాడితే అప్పుడు మీరు డబ్బు చెల్లించడానికి వాడిన సంస్థ దగ్గర వివాదం నమోదు చేయండి. ఆ గడువు సాధారణంగా తపాలా గడువు కంటే చాలా తక్కువ ఉంటుంది, కాబట్టి దాని తేదీని ఈ రోజే చూసి రాసిపెట్టుకోండి.

లెక్కలో మీకు వచ్చిన శేషం, రెండు సైట్లలోని చివరి వరుస ఇక్కడ రాస్తే చూసి చెబుతాను. నంబరు మాత్రం ఇప్పటిలాగే దాచి ఉంచండి.